బీకేసీలో ఉద్యోగం, ఇద్దరు పిల్లల స్కూళ్ళు: నవీ ముంబైలో ఏ ఏరియా చూసుకోవాలి?

ప్రశ్న (కేపీహెచ్‌బీ అమ్మాయి)

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్ కేపీహెచ్‌బీ. మావారికి ముంబై బీకేసీ (బాంద్రా కుర్లా కాంప్లెక్స్) ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, మే నెలలో షిఫ్ట్ అవ్వాలి. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి నాకు ఎక్కడైనా పర్లేదు. పాప ఇప్పుడు 5 చదువుతోంది, అక్కడ 6లో చేర్పించాలి. బాబు యూకేజీ, వాడికి నవంబర్‌లో 6 ఏళ్ళు నిండుతాయి. మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు, మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు, అయినా సాయంత్రం బయట నాలుగడుగులు నడవకపోతే ఆవిడకి తోచదు.

ముంబై లోపల ఇళ్ళు చూశాం, మా బడ్జెట్‌లో వచ్చేవి మాకు ఇరుకైపోతాయి. అందరూ నవీ ముంబై వెళ్ళండి, అది ప్లాన్ చేసి కట్టిన ఊరు, ప్రతి సెక్టార్‌లో స్కూలు, పార్కు, మార్కెట్ ఉంటాయి అంటున్నారు. మా కేపీహెచ్‌బీ కూడా హౌసింగ్ బోర్డు వాళ్ళు ఫేజులు, రోడ్ నంబర్లు వేసి ప్లాన్ చేసిన కాలనీయే కదా, మొదట్లో ఎలా ఉండేదో మా నాన్న చెప్తుంటారు, ఇప్పుడు ఎలా ఉందో నేను రోజూ చూస్తున్నాను, అందుకే మ్యాప్ చూసి నమ్మడానికి మనసు ఒప్పుకోవట్లేదు.

ఖార్ఘర్, నేరుల్, ఉల్వే ఈ మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. అక్కడ నిజంగా కాపురం ఉంటున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్: స్కూలు దొరుకుతుందా, నీళ్ళు వస్తాయా, మావారు రోజూ వెళ్ళి రాగలరా? పాపకి మరాఠీ ఒక్క ముక్క రాదు, అది కూడా భయంగానే ఉంది.


జవాబు 1 (పాలమూరు, నేరుల్)

అక్కా నమస్తే. మాది పాలమూరు, మా నాయన బిల్డింగ్ పనికి 1991ల వాషి వచ్చిండు, నేను నేరుల్లనే పెరిగిన, ఇప్పుడు నా పిల్లలు గూడ ఈడనే చదువుతున్నరు. కొంచెం పొడుగు చెప్త, ఓపికతోని చదువు.

ముందుగాల ఒక ముచ్చట అర్థం చేసుకోవాలె. నవీ ముంబై అంటే ఒక్క ఊరు కాదు. ఈ ఊరు కట్టేందుకు 1970ల సిడ్కో అని సర్కారు సంస్థ పెట్టిన్రు, 344 చదరపు కిలోమీటర్ల జాగ, దాన్ని 14 నోడ్లు చేసిన్రు, ఒక్కో నోడ్ చిన్న టౌన్ లెక్క. చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ అని ముగ్గురు 1960లల్ల ఇచ్చిన ఆలోచన అది. ముంబై ఉత్తరానికే పెరుగుతున్నది, కొలువులన్నీ దక్షిణం కొసకే ఉన్నయి, సముద్రపు పాయ దాటి తూర్పున కొత్త ఊరు కడితే కొలువులు, సర్కారు ఆఫీసులు ఈడికే వస్తయి, జనం ఇంటికాడనే పని చేసుకుంటరు అని. హోల్‌సేల్ మార్కెట్లు వాషికి వచ్చినయి, ఉక్కు మార్కెట్ కళంబోలికి వచ్చింది, గని మంత్రాలయ, అంటే రాష్ట్ర సచివాలయం మాత్రం రాలే, అది ఆడనే ఉండిపోయింది. తర్వాత ఐరోలీ, మహాపే దిక్కు ఐటీ కంపెనీలు వచ్చినయి గని మా బావగారి లాంటోళ్ళు ఇప్పటికీ పొద్దున లేస్తే వంతెన దాటి పోవాల్సిందే. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, ఇల్లు ఎంత మంచిగున్నా నీ సంసారం టైం టేబుల్ ఆ రైలు మీదనే నడుస్తది.

నేరుల్ నుంచి కుర్లా హార్బర్ లైన్ లోకల్ రైల్ల దాదాపు అరగంట, ఖార్ఘర్ నుంచి అయితే ముప్పావు గంట. కుర్లాల దిగి వెస్ట్ దిక్కు పోతే బీకేసీకి షేర్ ఆటోలు, బస్సులు ఉంటయి. మ్యాప్‌ల తేడా పదిహేను నిమిషాలే గదా అనిపిస్తది, అసలు తేడా ఇంటి నుంచి స్టేషన్ దాకా ఎట్ల పోతవ్ అన్నది. నేరుల్ల స్టేషన్ నోడ్ నడిమిట్ల ఉన్నది, రెండు దిక్కుల నుంచి జనం నడిచే వస్తరు. ఖార్ఘర్ స్టేషన్ ఊరి అంచుకు హైవే పక్కన ఉన్నది, లోపలి సెక్టార్ల నుంచి ఆటోల నాలుగైదు కిలోమీటర్లు పోవాలె. అందుకే ఇల్లు చూసేటప్పుడు బ్రోకర్ "స్టేషన్ దగ్గరే" అంటే నమ్మకుండ ఆ ఇంటి గేటు కాడ నుంచి నువ్వే నడిచి చూడు.

ఇంక నీళ్ళు. దిఘా నుంచి బేలాపూర్ దాకా నవీ ముంబై కార్పొరేషన్, దానికి మోర్బే డ్యామ్ సొంతం ఉన్నది. వాషి, సాన్‌పాడా, నేరుల్, సీవుడ్స్, బేలాపూర్ అన్నీ దీంట్లకే వస్తయి. బేలాపూర్ దాటినంక ఖార్ఘర్, కామోఠే, కళంబోలి, పన్వేల్ ఇవన్నీ పన్వేల్ కార్పొరేషన్, అది 2016ల వచ్చింది. బోర్డు మీద అంతటా నవీ ముంబై అనే ఉంటది, గని పైపుల నీళ్ళు ఎవరివి అన్నది అడగాలె. నీకు నేను ఒక్కటే చెప్త అక్కా, ఏ నోడ్ పేరు గొప్పది అని చూడకు, ఏ నోడ్ కట్టుడు పూర్తయి ఇరవై ముప్పై ఏండ్లు అయింది అని చూడు. చెట్లు పెరిగినయా, డాక్టరు నడిచిపోయేంత దూరంల ఉన్నడా, కూరగాయల మార్కెట్ నిజంగ నడుస్తున్నదా. అత్తమ్మ మోకాళ్ళ సంగతి చెప్పినవ్ గదా, నేరుల్ల వండర్స్ పార్క్, రాక్ గార్డెన్, జువెల్ ఆఫ్ నవీ ముంబై ఉన్నయి, చెరువు చుట్టు చదునుగ నడవొచ్చు, చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఈడి చిత్తడి నేలలల్ల ఫ్లెమింగోలు గూడ దిగుతయి. కొండ మీద బాలాజీ గుడి ఉన్నది, మనోళ్ళు చానమంది ఆడ కలుస్తరు.

ఒకటే కష్టం, నేరుల్ల పాత సిడ్కో బిల్డింగులల్ల లిఫ్ట్ ఉండది. నాలుగంతస్తులు మెట్లే. కింద ఇల్లు దొరకకపోతే అవి అసలు చూడకు.


జవాబు 2 (గుంటూరు కోడలు, ఖార్ఘర్)

అమ్మా, నేను ఏడేళ్ళుగా ఖార్ఘర్‌లో ఉంటున్నాను, ఇద్దరు పిల్లలు, కాబట్టి స్కూళ్ళ సంగతి నేను చెప్తాను. పైన అన్నగారు చెప్పినదాంట్లో స్టేషన్ దూరం నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ ఖార్ఘర్‌ని మరీ అంత పక్కన పెట్టేయకండి.

స్కూలు ముందు, ఇల్లు తర్వాత. ఇది నేను ఏడ్చి నేర్చుకున్న విషయం. మేము వచ్చినప్పుడు ముందు ఇల్లు అద్దెకి తీసేసుకున్నాం, ఎదురుగానే పెద్ద స్కూలు, ఇంకేం కావాలి అనుకున్నాం, తీరా వెళ్తే ఆ క్లాసులో సీటే లేదన్నారు, వెయిటింగ్ లిస్టులో పెట్టి జూన్ రెండో వారం దాకా తిప్పి చివరికి లేదు పొమ్మన్నారు, పాపని వేరే నోడ్‌లో చేర్పించి రెండేళ్ళు వ్యాన్‌లో పంపించాం, ఎండాకాలం ఆ వ్యాన్‌లో నుంచి దిగేసరికి దాని మొహం చూడలేకపోయేదాన్ని. ఇక్కడ నర్సరీ, జూనియర్ కేజీ అడ్మిషన్లు ముందు ఏడాది చలికాలంలోనే మొదలైపోతాయి. 1, 6 క్లాసుల్లో సీట్లు ఎవరైనా ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోతేనే ఖాళీ అవుతాయి. మీరు ఇప్పుడే ఫోన్లు చేయడం మొదలుపెట్టండి, మే దాకా ఆగొద్దు. సీబీఎస్ఈ స్కూళ్ళు చాలావరకు ఏప్రిల్‌లోనే క్లాసులు మొదలుపెట్టి మళ్ళీ వేసవి సెలవులిస్తాయి, స్టేట్ బోర్డు వాళ్ళు జూన్ మధ్యలో తెరుస్తారు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

బాబు వయసు గురించి: మహారాష్ట్రలో 1వ తరగతికి డిసెంబర్ 31 లోపు 6 నిండాలి, అంటే నవంబర్ బాబుకి రాష్ట్రం రూలు ప్రకారం ఇబ్బంది లేదు. కానీ కొన్ని సీబీఎస్ఈ స్కూళ్ళు మార్చి 31 లెక్క చూస్తున్నాయి, కాబట్టి ఫోన్‌లో మొదటి ప్రశ్న అదే అడగండి.

మరాఠీ గురించి భయపడకండి. 2020లో ఇక్కడ చట్టం తెచ్చారు, ఏ బోర్డు స్కూలైనా మరాఠీ నేర్పించాల్సిందే, మన తెలంగాణలో 2018లో తెలుగు తప్పనిసరి చేశారు చూడండి, అలాంటిదే. పాపకి హిందీ చదవడం వచ్చు కదా, లిపి దాదాపు అదే, కూడబలుక్కుని చదివేస్తుంది. హిందీ వాళ్ళకి నోరు తిరగని "ళ" మనకి పుట్టుకతో వచ్చు, మరాఠీలో అది బోలెడు చోట్ల వస్తుంది, మా పాప మొదటి ఏడాది టీచర్ దగ్గర మెప్పు పొందింది దాని వల్లే! కింద ఆడుకునే పిల్లలతో ఆరు నెలలు తిరిగితే మాటలు అవే వస్తాయి. రాయడం మాత్రం ఒక ఏడాది మీరు పక్కన కూర్చోవాలి.

ఇంకోటి, ఇక్కడ చాలా స్కూళ్ళు రెండు షిఫ్టుల్లో నడుస్తాయి, పెద్ద పిల్లలకి పొద్దున 7కే, చిన్నవాళ్ళకి మధ్యాహ్నం. 2024లో ప్రభుత్వం 4వ తరగతి దాకా పొద్దున 9 కంటే ముందు పెట్టొద్దని ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల ఒకే స్కూల్లో ఇద్దరికీ సీటు వచ్చినా మీ పాప ఇంటికొచ్చే టైమ్‌కి బాబు బయల్దేరొచ్చు. ఇంటి నుంచి పని చేస్తూ ఇద్దరినీ వేర్వేరు టైమ్‌లకి బస్సు ఎక్కించి దింపుకోవడం అంటే మామూలు విషయం కాదు, మీ మీటింగులు చూసుకుని, నడిచి వెళ్ళేంత దగ్గరుండే స్కూలుకి రెండు మార్కులు ఎక్కువ వేయండి, దాని పేరు కాస్త చిన్నదైనా సరే. కాగితాల్లో మనం టీసీ అనేదాన్ని ఇక్కడ లీవింగ్ సర్టిఫికెట్ అంటారు, వేరే రాష్ట్రం నుంచి వస్తే దాని మీద అక్కడి విద్యాశాఖ అధికారి సంతకం కూడా అడుగుతుంటారు, హైదరాబాద్ వదిలే ముందే అది చేయించేసుకోండి, తర్వాత దానికోసం మళ్ళీ రైలెక్కాల్సి వస్తుంది.

ఖార్ఘర్ ఎందుకు బాగుంటుందంటే, కొండ. వర్షాకాలం పొద్దున్నే కిటికీ తీస్తే పచ్చటి కొండ మీద నుంచి నీళ్ళు జారుతుంటాయి, హైదరాబాద్‌లో ఎక్కడుంది అది. సెంట్రల్ పార్క్ పెద్దది, రోడ్లు వెడల్పు, 2023 నవంబర్ 17 నుంచి మెట్రో కూడా ఉంది, బేలాపూర్ నుంచి పెంధర్ దాకా 11 స్టేషన్లు, ఉత్సవ్ చౌక్, కేంద్రీయ విహార్, సెంట్రల్ పార్క్ మీదుగా వెళ్తుంది. కానీ చూసుకోండి, ఈ మెట్రో ఖార్ఘర్ రైల్వే స్టేషన్‌కి వెళ్ళదు, లోకల్ రైలుతో కలిసేది బేలాపూర్‌లో. మాకు అదే మంచిదైంది, మావారు మెట్రోలో బేలాపూర్ వెళ్ళి అక్కడి నుంచే బయల్దేరే లోకల్ ఎక్కుతారు, కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. ఖార్ఘర్ స్టేషన్‌లో అయితే పన్వేల్ నుంచి నిండి వస్తుంది.

నీళ్ళు మాత్రం అబద్ధం చెప్పను. ఏప్రిల్, మే నెలల్లో మా సొసైటీకి ట్యాంకర్లు వస్తాయి, మెయింటెనెన్స్ పెరుగుతుంది, పొద్దున రెండు గంటలు సాయంత్రం గంట వదులుతారు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు బ్రోకర్‌ని కాదు వాచ్‌మన్‌ని అడగండి, పోయిన మే నెలలో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి అని.


జవాబు 3 (ఉల్వే, సొంత ఇల్లు)

ఉల్వే గురించి నేను చెప్తానండి, మాది కాకినాడ, మూడేళ్ళ క్రితం ఇక్కడ ఫ్లాట్ కొన్నాం. నాకు ఈ ఊరంటే ఇష్టం, కానీ మీ పరిస్థితికి మాత్రం ఇప్పుడే వద్దనే చెప్తాను.

ఇది కొత్త నోడ్. 2024 జనవరి 12న అటల్ సేతు అనే సముద్రపు వంతెన తెరిచారు, 21.8 కిలోమీటర్లు, కారులో అయితే ముంబై వైపు శివ్‌డీ దాకా ఎంత తొందరగా వెళ్ళిపోతామో, మొదటిసారి వెళ్ళినప్పుడు మా నాన్న సముద్రం మీద ఇంత దూరమా అని బిత్తరపోయారు. కానీ కారుకి టోల్ ఒకవైపు 250 అని పెట్టారు, బైకులు, ఆటోలు ఎక్కనివ్వరు, రోజూ బీకేసీకి అలా వెళ్ళాలంటే జీతంలో ఎంత పోతుందో లెక్క వేసుకోండి. రైలుకి ఖార్‌కోపర్, బామన్‌డోంగ్రీ స్టేషన్లు ఉన్నాయి, 2018లో అక్కడిదాకా వచ్చింది, 2024లో ఉరణ్ దాకా పొడిగించారు. కానీ అవి నేరుల్ లేదా బేలాపూర్ దాకే వెళ్తాయి, అక్కడ మారాలి, హార్బర్ లైన్‌లా ఒకటి పోతే ఇంకొకటి వెంటనే రాదు, టైమ్ చూసుకుని ఇంట్లోంచి బయల్దేరాలి.

ఎయిర్‌పోర్ట్ పక్కనే, 2025 అక్టోబర్‌లో ప్రారంభించారు, అందుకే రేట్లు పెరిగాయి. టీటీడీకి కూడా వెంకన్న గుడి కోసం ఇక్కడే 10 ఎకరాలు ఇచ్చారు. ఇవన్నీ విని జనం కొంటున్నారు. కానీ రోజువారీ కావాల్సింది పిల్లల డాక్టరు, మంచి కూరగాయలు, వీధి దీపాలు. మా బాబుకి అర్ధరాత్రి జ్వరం ఎక్కువైతే నేరుల్‌కే పరిగెత్తాం. స్కూళ్ళు కొన్ని వచ్చాయి, పెద్ద తరగతులు ఇంకా నిండలేదు, చాలామంది పిల్లలు బస్సులో సీవుడ్స్, నేరుల్ వెళ్తున్నారు.

ఎప్పుడైనా కొనాలనుకుంటే మాత్రం రెండు తెలుసుకోండి. సిడ్కో భూమిని ఇన్నాళ్ళూ 60 ఏళ్ళ లీజుకే ఇస్తూ వచ్చింది, అలాంటిదైతే మనకి పూర్తి సొంతం కాదు, చేతులు మారినప్పుడల్లా సిడ్కో పర్మిషన్, ట్రాన్స్‌ఫర్ ఛార్జీలు. ఇంకా ఇక్కడ చాలా బిల్డింగులు 12.5 శాతం స్కీమ్ ప్లాట్ల మీద కట్టినవి. ఈ ఊరి కోసం 95 గ్రామాల భూములు తీసుకున్నారు, 1984 జనవరిలో రైతులు ఉద్యమం చేస్తే పోలీసు కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు, ఆ తర్వాతే తీసుకున్న భూమిలో కొంత డెవలప్ చేసి వాళ్ళకే తిరిగి ఇచ్చే ఈ స్కీమ్ వచ్చింది. మనం నడిచే ఈ రోడ్డు ఒకప్పుడు ఇక్కడి పాత ఊళ్ళ ఆగ్రీ, కోళీ కులాల వాళ్ళ వరి మడి, ఉప్పు మడి. మా పక్క బిల్డింగ్ పెద్దాయన ఇప్పటికీ చెయ్యి చూపించి అక్కడ మా చేను అంటాడు, నాకు ఆ మాట వింటే మా గోదావరి పక్క ఊళ్ళు గుర్తొస్తాయి. అలాంటి ప్లాట్ మీద ఉన్న ఫ్లాట్ అయితే కాగితాలు లాయరుకి చూపించి తీరాలి.


కేపీహెచ్‌బీ అమ్మాయి

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఉల్వే తీసేశాను. నిన్నటి నుంచి నేరుల్, సీవుడ్స్, ఖార్ఘర్ స్కూళ్ళకి ఫోన్లు చేస్తున్నాను, ఎనిమిదింటికి చేస్తే రెండు చోట్ల 6లో సీటు ఉండొచ్చు అన్నారు, ఒక చోట ఇద్దరికీ ఉంది, నేరుల్‌లో, కానీ నిజంగానే షిఫ్టులు వేరు! వర్షాకాలం గురించి కూడా చెప్పండి, ముంబై మునిగిపోవడం టీవీలో చూసి మా అత్తగారు అక్కడికి రానంటున్నారు.


పాలమూరు, నేరుల్

అత్తమ్మకు చెప్పు అక్కా, ఈడ వాన గట్టిగనే కొడతది, అబద్ధం చెప్ప. గని సిడ్కో వాళ్ళు చిత్తడి నేల పూడ్చి ఊరు కట్టేటప్పుడే హోల్డింగ్ పాండ్లు తవ్విన్రు, నేల సముద్రం పోటు కంటే తక్కువ ఎత్తుల ఉంటది గదా, పోటు వచ్చినప్పుడు గేట్లు మూసుకుంటయి, వాన నీళ్ళు ఆ చెరువులల్ల ఆగుతయి, ఆటు వచ్చినంక బయటికి పోతయి. 2005 జులై 26 వరదప్పుడు ముంబై అంతా ఆగమైంది, మా దిక్కు అంత కాలే, నేను కండ్లార చూసిన. ఇప్పుడు ఆ చెరువులల్ల పూడిక పేరుకున్నది, మడ చెట్లు మొలిచినయి, పాత లెక్క పని చేస్తలేవు, అది నా బాధ, ప్రతి ఏడు మేము కార్పొరేషన్‌కు కాగితం పెడుతనే ఉన్నం. అయినా ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఆ గల్లీల పోయిన ఏడు నీళ్ళు వచ్చినయా అని పక్కింటోళ్ళను అడుగు. ఇబ్బంది అంతా రైలుతోనే, కుర్లా, చూనాభట్టీ కాడ పట్టాల మీద నీళ్ళు నిలిస్తే హార్బర్ లైన్ ఆగిపోతది, ఏడాదికి కొన్ని రోజులు బావగారు ఆఫీసుకు పోలేడు, లేకుంటే పోయి ఆడనే ఆగిపోతడు. ఆఫీసులో ఈ సంగతి ముందుగాలనే చెప్పి పెట్టుకొమ్మను.


గుంటూరు కోడలు, ఖార్ఘర్

అద్దె అగ్రిమెంట్ ఇక్కడ లీవ్ అండ్ లైసెన్స్ అంటారు, రిజిస్ట్రేషన్ చేయించాలి, 11 నెలలకి రాయడం అలవాటు, పోలీసు వెరిఫికేషన్ కూడా ఉంటుంది. బ్రోకర్‌కి ఒక నెల అద్దె ఇవ్వాలి, అడ్వాన్సు రెండు మూడు నెలలది. ఆ రిజిస్టర్ కాగితమే స్కూల్లో అడ్రస్ ప్రూఫ్‌గా అడుగుతారు, కాబట్టి ఓనరు చేయించను అంటే ఆ ఇల్లు వదిలేయండి.

ఊరికి రావాలంటే చాలామంది కల్యాణ్ వెళ్ళి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు, అది సికింద్రాబాద్, విజయవాడ, విశాఖ మీదుగా వెళ్తుంది. ఇక్కడి నుంచి కల్యాణ్ వెళ్ళడమే ఒక ప్రయాణం, ఠాణే దాకా ట్రాన్స్‌హార్బర్ లోకల్, అక్కడ మారాలి, సామాన్లతో పెద్దావిడతో అయితే క్యాబ్ మాట్లాడుకోండి.


కేపీహెచ్‌బీ అమ్మాయి

నేరుల్‌నే ముందు చూద్దామని అనుకున్నాం. ఆ ఇద్దరికీ సీటున్న స్కూలు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, లిఫ్ట్ ఉన్న బిల్డింగులే చూపించమని చెప్పాం. వచ్చే శనివారం నేనూ మావారూ వస్తున్నాం, ఇళ్ళు చూసి, పొద్దున 8.30కి నేరుల్ నుంచి కుర్లా దాకా ఒకసారి రైలెక్కి చూస్తాం.


పాలమూరు, నేరుల్

శనివారం వద్దక్కా, ఆ రోజు రద్దీ తక్కువ ఉంటది, నీకు అసలు సంగతి తెల్వది. ఆదివారం వచ్చి ఇండ్లు చూసుకోండ్రి, సోమవారం పొద్దున రైలెక్కండ్రి. నువ్వు లేడీస్ డబ్బాల ఎక్కు, బావగారిని జనరల్ల ఎక్కమను, కుర్లాల దిగినంక వంతెన కాడ కలుసుకోండ్రి. ఆదివారం మా ఇంట్ల అన్నం తినే పోవాలె, మా అమ్మ జొన్నరొట్టె చేస్తది.